రేడియేటర్ మూతకు ఒక చరిత్ర ఉంది

భిలాయి నెహ్రూ నగర్ చౌక్ దగ్గర, గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు పక్కన, మే నెల మిట్టమధ్యాహ్నం అప్పుడప్పుడు ఒక దృశ్యం కనిపిస్తుంది. కారు ఆగి ఉంటుంది. బానెట్ ఎత్తి ఉంటుంది. లోపలినుంచి తెల్లగా ఆవిరి. ఒకరు నీళ్ల సీసా కోసం పరుగెత్తుతారు, ఇంకొకరు తువ్వాలు తడుపుతారు, అందరికన్నా తొందరలో ఉన్న మనిషి రేడియేటర్ మూత మీద చెయ్యి వేస్తాడు. చుట్టూ చేరినవాళ్లలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఎవరైనా ఉంటే "చెయ్యి తియ్యి బాబూ!" అని కేక వేస్తాడు. కొలిమి దగ్గర ముప్పై ఏళ్లు గడిపినవాడికి ఆవిరి సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ కేక 1888లో ఎవరూ వేయవలసిన అవసరం లేదు. అప్పటి కారులో మరిగే నీటిమీద మూత తీసినా, తీయకపోయినా పెద్ద తేడా ఉండేది కాదు. మూత తీయడం ప్రమాదమైంది తరువాతే. ఇంజన్‌ను చల్లబరిచే పద్ధతి మెరుగుపడిన కొద్దీ, ఆ మెరుగుదలకు మూల్యంగా ఈ ప్రమాదం వచ్చింది. అందుకే ఇంజన్‌లో నీళ్లు ఎలా చూసుకోవాలో, ఎలా పోసుకోవాలో చెప్పే జాగ్రత్తలన్నిటి వెనుకా కొంత చరిత్ర ఉంది. అది తెలిస్తే ఆ జాగ్రత్తలను బట్టీ పట్టనక్కరలేదు.

దారిపొడుగునా నీళ్లు

ముందు ఒక లెక్క. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి ఉపయోగపడుతుంది. మరో మూడో వంతు పొగతోపాటు వెనుక గొట్టంలోనుంచి పోతుంది. మిగిలిన మూడో వంతు సిలిండర్ గోడలలోకి దిగుతుంది. ఇవి ఉజ్జాయింపు అంకెలు. అయినా ఒక విషయం స్పష్టం చేస్తాయి. ఇంజన్ ఎంత పని చేస్తుందో దాదాపు అంత వేడిని గోడలనుంచి తీసి బయట పారవేయాలి. లేకపోతే నూనె పలుచబడి కాలిపోతుంది, పిస్టన్ వ్యాకోచించి సిలిండర్‌ను పట్టుకుంటుంది. మెకానిక్కులు "ఇంజన్ పట్టేసింది" అనేది దీన్నే.

జర్మనీలో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886 జనవరిలో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. ఇంజన్ చల్లబడటానికి అతడు ఎంచుకున్న దారి చాలా సరళమైనది. సిలిండర్ చుట్టూ నీళ్లు నింపి, వాటిని మరగనిచ్చి, ఆవిరిని గాలిలోకి వదిలేయడమే. భౌతికశాస్త్రం ప్రకారం ఇది తెలివితక్కువ పని కాదు. ఒక కిలో నీటిని 30 డిగ్రీలనుంచి 100 డిగ్రీలదాకా వేడి చేయడానికి సుమారు 293 కిలోజౌళ్లు చాలు. అదే కిలో నీటిని ఆవిరిగా మార్చాలంటే ఇంకా 2257 కిలోజౌళ్లు కావాలి. పాఠ్యపుస్తకంలో మనం గుప్తోష్ణం అని చదువుకునేది ఇదే. కొద్ది నీటితో ఎక్కువ వేడిని వదిలించుకోవచ్చు. కాని పోయిన నీరు పోయినట్టే.

దాని ఫలితం 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తాకు బాగా తెలిసివచ్చింది. ఆమె భర్తతో చెప్పకుండా, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకొని, మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం ఆ బండిలో వెళ్లింది. కారులో జరిగిన మొదటి దూర ప్రయాణం అదే అంటారు. ఇంధనం కోసం వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో ఆగవలసి వచ్చిందని చాలామంది రాస్తారు. నీళ్ల కోసం ఆమె అంతకన్నా ఎక్కువసార్లు ఆగవలసి వచ్చిందన్నది మాత్రం అంతగా ఎవరూ చెప్పుకోరు. నుయ్యి కనిపించినా, సత్రం కనిపించినా, వాగు కనిపించినా ఆగి నీళ్లు పోసుకోవడమే. అక్కడ చెయ్యి కాలే భయం తక్కువ. లోపలి పీడనమూ బయటి పీడనమూ ఒకటే కాబట్టి నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతూ ఉంటుందే తప్ప ఎగదన్నదు.

వాడిన నీటినే మళ్లీ వాడటం ఎలా? 1889లో గాట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మేబాఖ్ తయారుచేసిన బండిలో చట్రపు గొట్టాలలోనే నీటిని తిప్పారు. బండి ఎముకలే దాని రేడియేటర్ అన్నమాట! ఇంజన్లు చిన్నవిగా ఉన్నంతకాలం ఇలాంటి ఉపాయాలు సరిపోయాయి. 1900లో మేబాఖ్ తేనెపట్టు రేడియేటర్‌ను రూపొందించాడు. 1901లో నీస్ నగరంలో జరిగిన పోటీలలో గెలిచిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారుకు ముందున్నది అదే. చతురస్రాకారపు సన్నని గొట్టాలు 8,070. ఒక్కొక్కటి ఆరు మిల్లీమీటర్ల వెడల్పు. గొట్టాల లోపలినుంచి గాలి పోతుంది, వాటి మధ్య సందుల్లో నీరు దిగుతుంది. గాలికి తగిలే ఉపరితలం విపరీతంగా పెరిగింది కనుక, అంతకుముందు సుమారు 18 లీటర్లు మోయవలసినచోట 9 లీటర్లతో సరిపోయింది. నేటి కారు ముందు భాగంలో జాలీ వెనుక కనిపించే రేడియేటర్ దీనికి మనుమరాలే.

నీటిని తిప్పడానికి పంపు తప్పనిసరి కాదు. వేడి నీరు తేలిక, పైకి పోతుంది. చల్లారిన నీరు బరువు, కిందికి దిగుతుంది. ఈ సంవహనం మీదనే ఆధారపడి ఫోర్డ్ మోడల్ టి నడిచింది. 1908లో వచ్చిన ఈ కారు మొదటి కొన్ని వేల బండ్లకు పంపు ఉండేది. తరువాత ఫోర్డ్ దాన్ని తీసేశాడు. ఒక విడిభాగం తగ్గితే ఒక ఖర్చు తగ్గినట్టే కదా. 1927దాకా కోటిన్నర బండ్లు అలా రోడ్డెక్కాయి. ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. రేడియేటర్‌లో నీటిమట్టం పై గొట్టం మూతికన్నా కిందికి జారితే ప్రవాహం తగ్గడం కాదు, ఆగిపోతుంది. నీళ్లు ఇంకా చాలా ఉన్నాయి కదా అని డ్రైవరు అనుకుంటూ ఉండగానే సిలిండర్ తల దగ్గర నీరు మరగడం మొదలవుతుంది. నీటిమట్టం రోజూ చూడాలన్న అలవాటు డ్రైవర్లలో అప్పుడే పాతుకుపోయింది. పంపు ఉన్న నేటి బండ్లలోనూ మట్టం మరీ దిగితే పంపు నీటికి బదులు గాలిని నమలడం మొదలుపెడుతుంది.

మూత బిగిసింది

ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డెనీ పాపిన్ 1679లో లండన్ రాయల్ సొసైటీ ముందు ఎముకలను సైతం మెత్తగా ఉడికించే పాత్రను ప్రదర్శించాడు. మన వంటింటి ప్రెషర్ కుక్కర్‌కు అదే మూలపురుషుడు. పీడనం మితిమీరితే ఆవిరి దానంతట అది తప్పించుకునే రక్షక కవాటాన్ని కూడా అతడే అమర్చాడు. మూసిన పాత్రలో పీడనం పెరిగితే నీటి మరుగుస్థానం పెరుగుతుంది. ఇది తెలిసిన రెండున్నర శతాబ్దాలకుగాని కారు రేడియేటర్‌కు ఆ మూత పెట్టలేదు. 1930ల చివర అమెరికా కార్లలో కనిపించిన పీడన మూత రెండవ ప్రపంచ యుద్ధం తరువాత మామూలైంది.

ఎందుకు పెట్టారో భిలాయి ఎండతోనే లెక్క చూద్దాం. రేడియేటర్ వదిలే వేడి, లోపలి నీటికీ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల తేడాను బట్టి ఉంటుంది. మే నెలలో గాలి 45 డిగ్రీలు అనుకోండి. నీరు 100 డిగ్రీలకు మించి వేడెక్కలేకపోతే తేడా 55 డిగ్రీలే. మూత వాతావరణ పీడనానికి పైన మరో ఒక బార్ పీడనాన్ని నిలిపి ఉంచితే నీరు సుమారు 120 డిగ్రీలదాకా మరగకుండా ఉంటుంది. తేడా 75 డిగ్రీలు. అంటే అదే రేడియేటర్ ఇంచుమించు మూడో వంతు ఎక్కువ వేడిని వదలగలదు. గాలి 20 డిగ్రీలే ఉన్న చలిదేశంలో ఈ లాభం నాలుగో వంతు మాత్రమే. ఎండ ముదిరే ఊళ్లకే ఆ చిన్న మూత ఎక్కువ అవసరమన్నమాట. దాని అడుగున ఉన్న రబ్బరు చుట్టు ఎండి పగిలితే పీడనం నిలవదు. ఇంజన్ బాగానే ఉండి, నీళ్లు నిండుగానే ఉండి, బండి మాత్రం ప్రతి ఎక్కుడులోనూ మరుగుతుంది. ఖరీదైన మరమ్మతుకు దిగేముందు మూత మార్చి చూసే మెకానిక్ దొరికితే మీరు అదృష్టవంతులే.

ఇప్పుడు ఇదే లెక్కను తిరగేయండి. 120 డిగ్రీల దగ్గర 5 లీటర్ల నీరు ఉంది. ఎవరో మూత తీశారు. పీడనం ఒక్కసారిగా పడిపోయింది. నీరు 100 డిగ్రీలకు దిగాలి. మిగులు 20 డిగ్రీల వేడి ఎక్కడికి పోతుంది? కొంత నీటిని ఆవిరి చేస్తుంది. కిలోకు 84 కిలోజౌళ్ల మిగులును 2257తో భాగిస్తే సుమారు నూటికి నాలుగు వంతులు వస్తుంది. 5 కిలోలకు 180 గ్రాములకు పైనే. కొంచెమే కదా అనిపిస్తుంది. కాని బయటి పీడనంలో ఆ కొద్ది నీరు మూడు వందల లీటర్ల ఆవిరి అవుతుంది. ఒక పీపా నిండి పొర్లేంత! ఆ ఆవిరి పుట్టేది నీటి అడుగునా, మధ్యనా కాబట్టి తన పైనున్న మరిగే నీటిని ఎత్తి విసిరేస్తూ బయటికి వస్తుంది. మూత మీదకు వంగి ఉన్న మనిషి ముఖం, మెడ, చేతులు దాని దారిలో ఉంటాయి. పైగా ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు ఆ గుప్తోష్ణమంతా అక్కడే వదులుతుంది. ఆవిరి కాలుడు లోతుగా ఉండటానికి అదే కారణం.

ఉష్ణోగ్రతను అదుపులో ఉంచే థర్మోస్టాట్ కథ కూడా మూతతో ముడిపడినదే. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ నీటిని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపి, తగినంత వేడెక్కాక దారి తెరిచే కవాటం ఇది. 1914లో వచ్చిన కాడిలాక్ వి-8 లాంటి కార్లలో కనిపించింది. తొలి థర్మోస్టాట్‌లలో త్వరగా ఆవిరయ్యే ద్రవాన్ని నింపిన ముడతల డబ్బా ఉండేది. చుట్టూ పీడనం పెరిగితే ఆ డబ్బా నలిగి లెక్క తప్పేది. 1930లలో సెర్జియస్ వెర్నె మైనం కరిగి వ్యాకోచించే గుణంతో పనిచేసే పరికరాన్ని తయారుచేశాడు. మైనానికి పీడనంతో పెద్దగా పనిలేదు. మూత బిగించిన బండ్లలో అది స్థిరపడింది. మన దేశంలో చాలాకాలం "మన ఎండలకు ఇది దండగ" అంటూ థర్మోస్టాట్‌ను పీకి పారేసేవారు. ఇంజన్ తగిన వేడికి ఎప్పటికీ చేరకపోతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్ త్వరగా అరుగుతుంది. ఆ దండుగ ఎవరి లెక్కలోనూ కనిపించదు.

తియ్యని విషం

శీతల దేశాలలో సమస్య మరొకటి. రాత్రి నీరు గడ్డకట్టితే ఇంజన్ దిమ్మ పగులుతుంది. మొదట్లో నీటిలో ఆల్కహాలు కలిపేవారు. అది ఇంజన్ వేడికి ముందే ఎగిరిపోయేది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షార్ల్ అడాల్ఫ్ వుర్ట్స్ 1856లో తయారుచేసిన ఇథిలీన్ గ్లైకాల్ చాలా ఏళ్లు ప్రయోగశాలలోనే ఉండిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేలుడు పదార్థాల తయారీకి పనికివచ్చింది. 1927లో అమెరికాలో ప్రెస్టోన్ పేరుతో కారు యజమానుల చేతికి వచ్చింది. దాని మరుగుస్థానం 197 డిగ్రీలు. నీటితో సగంసగం కలిపితే సున్నాకు దిగువ 37 డిగ్రీలదాకా గడ్డకట్టదు, మామూలు పీడనంలోనే 107 డిగ్రీలు దాటితేగాని మరగదు. బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజన్‌లో మొదట వట్టి గ్లైకాలే నింపారు. అది కారి అంటుకునే ప్రమాదం ఉండటంతో తరువాత 70 పాళ్లు నీరు, 30 పాళ్లు గ్లైకాల్ కలిపి పీడనం కింద నడిపారు. వేడిని మోయడంలో నీటిని మించింది లేదని ఇంజనీర్లు మళ్లీ నీటి దగ్గరకే వచ్చారు.

గడ్డకట్టని భిలాయిలో దీనితో మనకేం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. సీసాలో అమ్మే కూలెంట్‌లో తుప్పును అడ్డుకునే రసాయనాలు ఉంటాయి. నేటి ఇంజన్లలో ఇనుముతోపాటు అల్యూమినియం కూడా ఉంది. రెండు లోహాలు, లవణాలు కరిగిన నీరు కలిస్తే చిన్న విద్యుత్ ఘటం తయారైనట్టే. బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లని పొర నీటి దారులలోనూ పేరుకుంటుంది, వేడిని అడ్డుకుంటుంది. అందుకే స్వేదన జలం, తగిన కూలెంట్.

అయితే గ్లైకాల్ విషం, అదీ తియ్యగా ఉండే విషం. కాలేయం దాన్ని చివరికి ఆక్సాలిక్ ఆమ్లంగా మారుస్తుంది. అది కాల్షియంతో కలిసి మూత్రపిండాలలో స్ఫటికాలుగా పేరుకుంటుంది. గాంబియాలో పిల్లల మరణాలతో సంబంధం ఉండవచ్చని అనుమానించిన నాలుగు సిరప్‌లలో ఇథిలీన్ గ్లైకాల్‌ను, దాని దగ్గరి చుట్టం డైఇథిలీన్ గ్లైకాల్‌ను కనుగొన్నట్టు 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. మిగిలిన కూలెంట్‌ను శీతల పానీయపు సీసాలో పోసి అటక మీద పెట్టే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో మెరిసే ఆ సీసా పిల్లవాడి కంటికి ఎలా కనిపిస్తుందో ఊహించండి. నేల మీద ఒలికితే కుక్కలు, పిల్లులు నాకుతాయి. వెంటనే కడిగేయాలి.

కేశ్‌కాల్ ఎక్కేముందు

1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారపు పనులకు వచ్చి స్థిరపడినవాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల తెలుగువారు ఎందరో. వేసవి సెలవుల్లో కారులో సొంతూరికి వెళ్లే దారి రాయ్‌పూర్ నుంచి విజయనగరందాకా ఐదువందల పైచిలుకు కిలోమీటర్లు. ఒకప్పుడు దీని మొత్తానికీ 43వ నంబరు జాతీయ రహదారి అని ఒకే పేరు. ఇప్పుడు దాని ముక్కలకు వేరువేరు అంకెలు. కాంకేర్ దాటాక కేశ్‌కాల్ మలుపులు ఎక్కాలి. జయపురం నుంచి కోరాపుట్‌కు మళ్లీ ఎక్కాలి. తిరుగు ప్రయాణంలో సాలూరు దాటాక సుంకి ఘాట్. ఎక్కుడులో ఇంజన్ పూర్తి బలంతో పనిచేస్తుంది, బండి మాత్రం నెమ్మదిగా కదులుతుంది. ఎదురుగాలి తక్కువ. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో మూతలేని పాత్రలో నీరు 97 డిగ్రీలకే మరుగుతుంది.

అంబాసిడర్ రోజుల్లో ఈ దారిన వెళ్లేవారి డిక్కీలో నీళ్ల డబ్బా తప్పకుండా ఉండేది. ఆ కారులో ఫ్యాను ఇంజన్‌తోపాటే బెల్టుమీద తిరిగేది. 1983 చివర వచ్చిన మారుతి 800లో ఫ్యానుకు విద్యుత్ మోటారు పెట్టారు. నీరు వేడెక్కితేనే అది తిరుగుతుంది. చాలా కార్లలో ఇంజన్ ఆపిన తరువాత కూడా హఠాత్తుగా మొదలవుతుంది. బానెట్ కింద వేళ్లు పెట్టేటప్పుడు తాళంచెవి జేబులో ఉండాలి అనడం అందుకే. నీళ్లు చూడటం కూడా మారింది. 1961లో వచ్చిన రెనో 4 కారులో వ్యవస్థ మొత్తాన్ని మూసివేసి, వ్యాకోచించిన నీరు చేరడానికి వేరే సీసా అమర్చారు. నేటి కార్లలో బానెట్ కింద కనిపించే పాలరంగు ప్లాస్టిక్ సీసా ఆ వంశానిదే. మూతలో రెండు కవాటాలు ఉంటాయి. వేడెక్కినప్పుడు ఒకటి తెరుచుకొని నీటిని సీసాలోకి పంపుతుంది, చల్లారినప్పుడు రెండోది వెనక్కి పీల్చుకుంటుంది. ఆ ఏర్పాటు ఉన్న కారులో రేడియేటర్ మూత ముట్టుకోకుండానే మట్టం తెలుస్తుంది. కొన్ని కార్లలో ఆ సీసా కూడా పీడనంలోనే ఉంటుంది. దాని మూతకూ ఇదే మర్యాద ఇవ్వాలి.

ప్రయాణానికి ముందు పొద్దున్నే, ఇంజన్ రాత్రంతా చల్లారాక, బండిని సమతలం మీద నిలిపి చూడండి. సీసా మీది రెండు గీతల మధ్య మట్టం ఉంటే చాలు. తగ్గితే కారు పుస్తకంలో చెప్పిన కూలెంట్‌నే సీసాలో పై గీతదాకా పోయాలి. నిండా పోస్తే వ్యాకోచానికి చోటుండదు. రంగు చూసి రకాన్ని నిర్ణయించవద్దు. ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి.

దారిలో ఉష్ణోగ్రత ముల్లు ఎర్రగీత వైపు పోతే ముందు ఏ.సి. ఆపండి. హీటర్‌ను పూర్తి వేడిమీద పెట్టండి. మే నెలలో ఇది శిక్షే గాని, హీటర్ కూడా ఒక చిన్న రేడియేటర్. తగ్గకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. ఆవిరి వస్తుంటే బానెట్ ఎత్తే తొందర కూడా వద్దు. కనీసం అరగంట, ఎండలో ఇంకా ఎక్కువసేపు ఆగాలి. పై గొట్టాన్ని మందపాటి గుడ్డతో నొక్కితే గట్టిగా తన్నినట్టుంటే పీడనం ఇంకా ఉన్నట్టే. మెత్తగా ఉంటే, మూత మీద గుడ్డ మడతలు వేసి, ముఖం దూరంగా పెట్టి, కొద్దిగా మాత్రమే తిప్పండి. బుస్సుమనే చప్పుడు పూర్తిగా ఆగేదాకా అక్కడే ఉంచి, తరువాతే పూర్తిగా తీయండి. కాగిన ఇంజన్‌లో చన్నీళ్లు గుమ్మరించకూడదు. పోత ఇనుము ఒకచోట సంకోచించి పక్కన సంకోచించకపోతే పగులుతుంది. ఈ మాట ఉక్కు ఊరివాళ్లకు నేను చెప్పనక్కరలేదు. చల్లారాక కొద్దికొద్దిగా పోసి, లోపల చిక్కిన గాలి బుడగలు బయటపడేదాకా మట్టం మళ్లీమళ్లీ చూసుకోవాలి. ముల్లును ఒక్కదాన్నే నమ్మడం మంచిది కాదు. కొలిచే పరికరం నీటిలో కాక గాలిలో ఉండిపోతే ముల్లు తక్కువ చూపవచ్చు.

వేరే దారిలేక మంచినీళ్లు పోశారా, ఆ రోజుకు ఫరవాలేదు. ఊరు చేరాక తీయించి కూలెంట్ పోయించుకోవచ్చు. పోసిన నీళ్లు ఎక్కడికి పోయాయో మాత్రం తెలుసుకోవాలి. మూసిన వ్యవస్థలో నీరు దానంతట అది తరగదు. గొట్టం బిగింపుల దగ్గర తడి, పంపు కింద చారలు, నూనె కడ్డీ మీద పాలమీగడ లాంటి నురగ, వెనుక గొట్టంలో ఆగకుండా తెల్లని పొగ. చివరి రెండూ కనిపిస్తే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఆ బండితో కేశ్‌కాల్ ఎక్కవద్దు. ఇవేమీ లేకపోతే మూత తీసి రబ్బరు చూడండి. కొత్తది కొనేటప్పుడు పాతదాని మీద అచ్చువేసిన పీడనం అంకెను దుకాణదారుకు చూపించండి. 0.9 కావచ్చు, 1.1 కావచ్చు. కొత్తదానిమీద కూడా అదే అంకె ఉండాలి.